ముందు పిల్లని అడగండి

పోయిన మాఘమాసంలో, మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, మా అక్క వాళ్లింట్లో ఒక ఫోటో మీద మూడు గంటలు పంచాయితీ జరిగింది. ఏడాదికి సరిపడా కాయలు తెచ్చుకుందామని చిలకలూరిపేట అవతల ఉన్న వాళ్ల ఊరు వెళ్లినదాన్ని, అందులో ఇరుక్కుపోయాను. ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. చివరికి మా అక్క కూతురే "రాయి పిన్నీ, పేర్లు మాత్రం వద్దు" అంది. రాసింది తనకి చదివి వినిపించాకే ఇక్కడ పెడుతున్నా.

జరిగింది ఇదీ. మా బావగారి ఫోనుకి తెలియని నంబరు నుంచి ఒక ఫోటో వచ్చింది. సముద్రం ఒడ్డున మా పిల్ల, పక్కన ఎవరో కుర్రాడు, వాడి చెయ్యి పిల్ల భుజం మీద. అంతకుమించి అందులో ఏమీ లేదు. కానీ అవి సంబంధం మాటలు నడుస్తున్న రోజులు. బావగారు దాన్ని తన తమ్ముడికి పంపారు, "ఇది అసలుదేనా కాస్త చూడు" అని. ఆయన తన కొడుక్కి పంపాడు. మధ్యలో ఎవరి వేలు ఎక్కడ తగిలిందో, అరగంటలో ఫోటో ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉంది. ఇరవై ముగ్గురున్న గ్రూపు అది. ఒంగోలు నుంచి డల్లాస్ దాకా ఉన్నారు అందులో.

ఆ తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాడు. లాప్‌టాప్ పట్టుకొచ్చి హాల్లో కూర్చున్నాడు. "కంగారు పడకండి పెదనాన్నా, దీనికి సైట్లు ఉంటాయి. ఫోటో పెడితే మార్ఫింగో కాదో చెప్పేస్తాయి" అన్నాడు. మొదటి సైటులో పెడితే నల్లటి బొమ్మ ఒకటి వచ్చింది. మొహం చుట్టూ, భుజం దగ్గర తెల్లటి మెరుపు. "చూశారా, ఇక్కడ అతికించారు" అన్నాడు. మా అక్క దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంకోదాంట్లో కూడా చూద్దాం అన్నారెవరో. రెండో సైటు, మార్చిన అవకాశం 38 శాతం అంది. "అంటే 62 శాతం నిజమనేగా?" అన్నారు బావగారు. మూడో సైటు ఏ మార్పూ కనబడలేదంది. పిల్ల పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు కూడా ఆ హాల్లో అందరూ అంత ఊపిరి బిగబట్టి కూర్చోలేదు.

పిల్ల లోపలి గదిలో ఉంది. హాల్లో తొమ్మిది మందిమి ఉన్నాం. ఆ మూడు గంటల్లో ఒక్కరం లేచి వెళ్లి తనని ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు, గొప్పలు చెప్పుకోను. మంచినీళ్లు ఇద్దామని లోపలికి వెళితే తనే అడిగింది, "నువ్వూ చూశావా పిన్నీ?" అని. చూశానన్నాను. "మరి ఆ బుట్టలు చూడలేదా?" అంది.

ఆ బుట్టలు మా అమ్మవి. వాళ్ల అన్నయ్య పెళ్లికి పెట్టుకుంది, మర్నాడే అక్క మళ్లీ బీరువాలో పెట్టేసింది. ఎడమ బుట్టకి కింద ముత్యం ఒకటి ఎప్పుడో ఊడిపోయింది. సముద్రం దగ్గర ఫోటోలోనూ ఆ ముత్యం లేదు. తన ఫోను తీసి, వాళ్ల అన్నయ్యని పెళ్లికొడుకుని చేసిన రోజు తీసిన ఫోటో చూపించింది. అదే తల వాలు, అదే నవ్వు, చెంప మీద పడ్డ అదే వెంట్రుక. ఏడాది నుంచీ ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న ఫోటో. ఎవడో మొహం కోసుకుని ఇంకో అమ్మాయి ఒంటికి తగిలించాడు. ఇదంతా చెప్పడానికి పిల్లకి రెండు నిమిషాలు పట్టలేదు. "సముద్రానికి ఎవరైనా అమ్మమ్మ బుట్టలు పెట్టుకుని వెళ్తారా పిన్నీ?" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఆ సైట్లు దండగ అని చెప్పడానికి రాయట్లేదు ఇదంతా. ఇంటికొచ్చాక వారం రోజులు మధ్యాహ్నాలు కూర్చుని, మా అబ్బాయి సాయంతో అవి ఎలా పని చేస్తాయో తెలుసుకున్నా. తెలుసుకున్న కొద్దీ నాకు కారం పరీక్షే గుర్తొచ్చింది. గ్లాసు నీళ్లలో చెంచాడు కారం వేస్తాం కదా. ఇటుక పొడి కలిస్తే అడుక్కి దిగుతుంది. నీళ్లలో కరిగే రంగు కలిస్తే ఎర్రటి చారలు దిగుతాయి. మంచి పరీక్షే, మా అత్తగారూ చేసేవారు. కానీ సుడాన్ రంగు కలిపారనుకోండి, అది నూనెలో కరుగుతుంది తప్ప నీళ్లలో కరగదు. గ్లాసులో ఆ కారం శుభ్రంగానే కనిపిస్తుంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ ఉందని యూరప్‌లో పట్టుకున్నది ప్రయోగశాలల్లో, గ్లాసు నీళ్లలో కాదు. గ్లాసు అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసింది అంతే.

ఫోటో సైట్లూ అలాంటివే. ఒక్కోటీ ఒక్కో రకం కల్తీని చూడటానికి తయారైంది. ఫోటోఫోరెన్సిక్స్ అని ఒకటుంది, నీల్ క్రావెట్జ్ అనే ఆయన 2012లో పెట్టాడు. మన ఫోన్లలో ఉండే జేపెగ్ ఫోటోని సేవ్ చేసిన ప్రతిసారీ దాని వివరం కొంచెం పోతుంది. ఒక ఫోటోలోకి ఇంకో ఫోటో ముక్క తెచ్చి అతికిస్తే, ఆ ముక్క అరిగిన తీరు వేరు, మిగతాది అరిగిన తీరు వేరు. ఆ సైటు ఫోటోని ఇంకోసారి సేవ్ చేసి, ఎక్కడ ఎంత తేడా వచ్చిందో వెలుగులో చూపిస్తుంది. పాత చీరకి కొత్త గుడ్డతో మాసిక వేస్తే ఉతికినప్పుడు తేడా తెలుస్తుందే, అలా.

వినడానికి బాగుంది. కానీ నేను మా ఇంట్లో తీసిన, ఎవరూ ముట్టుకోని ఫోటో ఒకటి పెట్టి చూశా. నా పట్టుచీర జరీ అంచంతా తెల్లగా వెలిగిపోయింది. వెలుగునీడల తేడా గట్టిగా ఉన్నచోట, సన్నటి గీతలు ఉన్నచోట అలాగే మెరుస్తుందట. అంటే మెరిసిందల్లా అతుకు కాదు. మా పిల్ల ఫోటోలో మొహం చుట్టూ మెరిసింది అతుకో, చెవి బుట్టల జిలుగో ఎవరు చెప్తారు? ఆ బొమ్మ చదవడం వచ్చినవాళ్లు చెప్తారు, ఎక్స్‌రే చదివినట్టు. మనం ఎక్స్‌రే పట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూస్తాం, ఏం తెలుస్తుంది?

దానికి తోడు వాట్సాప్. వాట్సాప్‌లో పంపిన ప్రతి ఫోటోనీ అది చిన్నది చేసి మళ్లీ సేవ్ చేస్తుంది. అతికిన ముక్కా, అతకని ముక్కా అన్నీ కలిపి మళ్లీ ఒకేలా అరిగిపోతాయి. ఎప్పుడు తీశారు, ఏ ఫోనుతో తీశారు అని ఫోటో లోపల దాగి ఉండే వివరాలూ ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే అవి ఉంటాయి, మామూలుగా పంపితే ఉండవు. మన ఇళ్లకి ఇలాంటి ఫోటోలు వచ్చేది ఎక్కువగా వాట్సాప్‌లోనే, అదీ నలుగురి చేతులు మారి. అలాంటి ఫోటోలో మూడో సైటుకి ఏ మార్పూ కనబడలేదంటే ఆశ్చర్యం ఏముంది? ఏమీ కనబడలేదు అన్నదాన్ని మా బావగారు ఏమీ మార్చలేదు అని చదివారు. ఆ రెండు మాటలకీ మధ్య ఒక ఆడపిల్ల బతుకు ఇరుక్కుంది ఆ సాయంత్రం.

శాతాల సంగతి మరీ. అవి మార్కులు కావు. 38 వచ్చింది కాబట్టి 62 నిజం అనడానికి లేదు. ఆ సైటుకి నేర్పిన నకిలీల్లాంటివి వస్తే పట్టుకుంటుంది, కొత్త రకంవి వస్తే తడబడుతుంది. ఏఐతో చేసిన బొమ్మల్ని పట్టడానికి గూగుల్ వాళ్లు సింథ్‌ఐడీ అని కంటికి కనబడని ముద్ర ఒకటి వేస్తున్నారు, 2023 నుంచి. అదీ ఎక్కువగా తమ ఏఐతో చేసినవాటికే. వేరేవాళ్ల యాప్‌తో చేసినదాని మీద ఆ ముద్ర ఉండకపోవచ్చు. ముద్ర లేదు కాబట్టి అసలుదే అనుకున్నామా, పప్పులో కాలేసినట్టే.

ఇంకోటి చెప్పాలి. మా అత్తగారింట్లో హాల్లో ఒక ఫోటో ఉంది. అత్తయ్య, మామయ్య కుర్చీల్లో పక్కపక్కన. నిజానికి వాళ్లిద్దరూ కలిసి ఒక్క ఫోటో కూడా దిగలేదు. మామయ్య పోయాక, పత్తి చేలో నలుగురితో నిలబడ్డ ఫోటోలోంచి ఆయన్ని కోసి, చీరాలలో స్టూడియో ఆయన అత్తయ్య పక్కన కూర్చోబెట్టి ఇచ్చాడు. పంచె మీద ఉన్న మనిషికి కోటు కూడా గీశాడు. మామయ్య జన్మలో కోటు తొడగలేదు. ఆ ఫోటోకి రోజూ దండ వేస్తాం. అందులో మోసం ఉందని ఎవరైనా అంటారా? పెళ్లిచూపులకి పంపే ఫోటోలు రెండు వన్నెలు తెల్లబరచనిది ఏ ఊళ్లో? ఇప్పటి ఫోన్లు మనం అడక్కుండానే మొహం నున్నగా చేసి ఇస్తున్నాయి. అవన్నీ ఏ సైటులో పెట్టినా 'మార్చారు' అనొచ్చు. మార్చారా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎవరు, ఎందుకు మార్చారు, ఎవరికి పంపారు అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు లాప్‌టాప్‌లో ఉండదు.

ఇదంతా మన గడప దాకా రాదులే అనుకునేవాళ్లకి రష్మిక సంగతి గుర్తు చేస్తా. 2023 నవంబరులో రష్మిక మందన్న లిఫ్ట్‌లోకి వస్తున్నట్టు వీడియో ఒకటి దేశమంతా తిరిగింది కదా. ఆ ఒళ్లు రష్మికది కాదు, జారా పటేల్ అనే బ్రిటన్ అమ్మాయిది. ఆ అమ్మాయి అక్టోబరులో పెట్టుకున్న వీడియోకి రష్మిక మొహం తగిలించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఒక కుర్రాడిని అరెస్టు చేశారు. ఎక్కడివాడనుకున్నారు? మన గుంటూరు జిల్లావాడే. ఇరవై నాలుగేళ్లు, ఇంజనీరింగ్ చదివినవాడు. రష్మిక పేరు మీద అభిమానుల పేజీ నడుపుతూ, ఫాలోవర్లు పెరగడానికి చేశాడని పోలీసులు చెప్పారు. రెండు వారాల్లో 90 వేల నుంచి లక్షా ఎనిమిది వేలకి పెరిగారట. పగ లేదు, డబ్బు బెదిరింపు లేదు. ఫాలోవర్ల కోసం. మనం సెల్ఫీ తీసిస్తే 'థాంక్స్ ఆంటీ' అనే పిల్లల్లాంటి పిల్లాడే అయ్యుంటాడు. అది నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ వీడియో గుట్టు ఎలా బయటపడిందో చూడండి. ఏ సైటూ శాతాలు చెప్పలేదు. ఆల్ట్ న్యూస్‌లో పనిచేసే ఒక విలేకరి అసలు వీడియో ఎక్కడుందో వెతికి పట్టుకొచ్చి, రెండూ పక్కపక్కన పెట్టాడు. లిఫ్ట్ తలుపు దగ్గర మొదటి క్షణంలో అసలు అమ్మాయి మొహం కనబడి, ఆ వెంటనే రష్మిక మొహంలోకి మారిపోవడం మామూలు కంటికే తెలిసింది. అసలుది దొరికితే నకిలీ గురించి వాదన ఉండదు. మా పిల్ల చేసిందీ అదే. తన పెళ్లి ఫోటో తీసి చూపించింది. తేడా ఏంటంటే, రష్మిక మాట వినడానికి దేశం సిద్ధంగా ఉంది. మా పిల్ల మాట వినడానికి హాల్లో తొమ్మిది మందిమి సిద్ధంగా లేము.

అందుకని, ఇలాంటివాటికి నేను సైట్ల కంటే వెతుకులాటనే నమ్ముతా. గూగుల్ లెన్స్ మన ఫోన్లలోనే ఉంది. టిన్‌ఐ అని ఒకటి 2008 నుంచీ ఉంది. ఫోటో ఇస్తే అలాంటిది ఇంకెక్కడుందో వెతికి పెడతాయి. వరదలొచ్చాయని ఎప్పటివో ఫోటోలు తిప్పుతుంటారే, ఆ గుట్టు వీటిలో ఇట్టే తెలిసిపోతుంది. సంబంధాల సైటులో అబ్బాయి ఫోటో పెడితే అది ఎవరో సీరియల్ నటుడిదని తేలిన కథ మా వీధిలోనే ఉంది. మొహం మార్చిన ఫోటో అయితే ఆ ఒళ్లూ ఆ వెనక చోటూ ఎక్కడివో దొరకొచ్చు. దొరక్కపోవచ్చు కూడా, ఇంటర్నెట్‌లో లేనిదాన్ని అవి ఎక్కడినుంచి తెస్తాయి?

ఇప్పుడు అసలు మాట. మా పిల్ల ఫోటో నకిలీ అని తేలింది. సరే, తేలకపోతే? ఆ బుట్టలు లేకపోతే, మామూలు చుడీదార్‌లో ఉన్న ఫోటోలోంచి మొహం కోసి ఉంటే? ఇదే నన్ను నిద్ర పోనివ్వలేదు.

లోన్ యాప్‌ల కాలం గుర్తుందా మీకు? 2020 చివర్లో మొదలై రెండేళ్లు మన రెండు రాష్ట్రాల్నీ పీడించాయి. పది వేలో ఇరవై వేలో అప్పిచ్చి, ఫోనులో ఉన్న నంబర్లన్నీ, ఫోటోలన్నీ లాక్కుని, కట్టడం ఆలస్యమైతే ఆడవాళ్ల మొహాలు నగ్నచిత్రాలకి అతికించి చుట్టాలందరికీ పంపేవారు. 2022లో ఈ వేధింపులకి మన గుంటూరు జిల్లాలో, మంగళగిరి ప్రాంతంలో ఒక చిన్న వయసు ఇల్లాలు ప్రాణం తీసుకుంది. అదే ఏడాది రాజమండ్రిలో భార్యాభర్తలిద్దరూ పోయారు. ఆ పేర్లు రాయను, వాళ్ల పిల్లలు పెరుగుతుంటారు.

ఆ యాప్‌ల వాళ్లు పంపే ఫోటోలు ఎంత మొరటుగా ఉండేవంటే, అతికించారని పసిపిల్లలైనా చెప్పేవారు. మెడ దగ్గర రంగు కలిసేది కాదు. వాటిని పరీక్షించడానికి ఏ సైటూ అక్కర్లేదు. నకిలీ అని పంపినవాడికి తెలుసు, అందుకున్నవాళ్లకి తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా ఆ మొరటు ఫోటోకే ప్రాణాలు పోయాయి. అంటే చంపింది ఫోటో నిజమని జనం నమ్మడం కాదు. జనం చూశారన్న ఊహ. రేపు వీధిలోకి ఎలా వెళ్లాలి, ఆడపడుచు ఏమంటుంది, మామగారి ముందు ఎలా నిలబడాలి అన్న భయం. ఆ భయం పెట్టింది యాప్ వాడొక్కడే కాదు. అది ముందునుంచీ మన ఇళ్లలో ఉంది. వాడు వాడుకున్నాడు.

ఈ మాట బావగారితో అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. "నువ్వు ఎన్నైనా చెప్తావు. రేపు అవతలివాళ్లు అడిగితే చేతిలో ఏదో ఒక రుజువు ఉండాలిగా. మా అమ్మాయి మంచిదండీ అంటే ఎవరు నమ్ముతారు?" అన్నారు. ఆయన బాధ తెలియనిది కాదు. ఆడపిల్ల తండ్రి. ఆయన పుట్టి పెరిగిన ఊళ్లో ఎవరి పిల్ల గురించి ఏ మాట పుట్టినా తెల్లారేసరికి రచ్చబండ మీద ఉంటుంది. రుజువు ఉండాలన్న మాట తప్పు కాదు. కానీ ఆ రుజువు ఎవరి కోసం? అవతలివాళ్ల కోసం అయితే, దాన్ని పిల్లతో కలిసి కూర్చుని వెతకాలి. పిల్లని లోపల కూర్చోబెట్టి మనం హాల్లో వెతికితే, అది పిల్ల మీద విచారణ అవుతుంది. ఆ మూడు గంటలూ ముద్దాయి ఫోటో పంపినవాడు కాదు, మా అక్క కూతురు.

పైగా, నిజమైన ఫోటో అయితే మాత్రం ఏమిటి? కాలేజీలో చదివే పిల్ల సముద్రం దగ్గర స్నేహితుడితో నిలబడితే ఇంట్లో అడగొచ్చు, కోప్పడొచ్చు, అది ఆ ఇంటి సంగతి. దాన్ని తెలియని నంబరు నుంచి తండ్రికి పంపినవాడు అప్పుడూ దుర్మార్గుడే. చట్టం కూడా ఇక్కడ మన కంటే నయం. ఆడదాని ఒంటి రహస్య భాగాల ఫోటో ఆమె ఒప్పుకోకుండా తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల దాకా జైలు. ఫోటో అసలుదే కదా అంటే కుదరదు.

ఇలాంటిది వస్తే ఏం చెయ్యాలో కూడా రాస్తా, ఆ రోజు మాకు ఎవరికీ తెలియలేదు కాబట్టి. కంగారులో వెంటనే డిలీట్ చెయ్యకండి. వచ్చిన ఫోనులో, వచ్చిన మెసేజీ అలాగే ఉండాలి, నంబరు, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. పోలీసులకి కావలసింది అది. సైటు చూపించిన నల్ల బొమ్మ కోర్టులో రుజువు కాదు, ఆ పని ఫోరెన్సిక్ ల్యాబ్‌ది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆడవాళ్లకీ పిల్లలకీ సంబంధించినవాటికి పేరు చెప్పకుండా పెట్టే వీలు కూడా ఉంది. డబ్బు కూడా పోతే 1930కి ఫోన్ చెయ్యాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివాటిలో నగ్నంగా చూపించేవీ మార్ఫింగ్‌వీ పెడితే, ఆ మనిషి ఫిర్యాదు చేసిన 24 గంటల్లో తీసెయ్యాలని 2021 నాటి నిబంధనల్లోనే ఉండేది, 2026లో ఆ గడువుని రెండు గంటలకి తగ్గించారు. మన తరఫున ఎవరో అడుగుతారని కూర్చోకుండా అడగాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. పిల్లల నగ్నచిత్రం లాంటిది ఎవడైనా పంపితే, అది అసలో నకిలీయో చూద్దామని ఏ సైటులోనూ పెట్టకండి. ఫోటోఫోరెన్సిక్స్ వాళ్లు నగ్నచిత్రాలు పెట్టొద్దని, పెట్టినవి పరిశోధనకి వాడతామని తామే రాసుకున్నారు. ఫోరెన్సికల్లీ అనే ఇంకోటి ఫోటోని ఎక్కడికీ పంపకుండా మన కంప్యూటర్లోనే చూస్తుంది, అది కాస్త నయం. ఊరూ పేరూ తెలియని ఉచిత సైట్లు ఫోటోని ఏం చేసుకుంటాయో ఎవరికి తెలుసు? దొంగ ఎత్తుకెళ్లిన నగ మిగతా ముక్కని మనమే వీధిలో పెట్టినట్టు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకి స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒకటుంది, 2021 చివర్లో బ్రిటన్‌లో మొదలైంది. ఫోటో మన ఫోను దాటి వెళ్లదు. దాని గుర్తు మాత్రం ఒక అంకెల వరసగా వెళ్తుంది, ఆ గుర్తున్న ఫోటోని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆపుతాయి. అంతకంటే చిన్నపిల్లలకి టేక్ ఇట్ డౌన్ అని అమెరికా వాళ్లది ఉంది. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేదాన్ని మాత్రం ఇవేవీ ఆపలేవు. అది ఆపగలిగింది మన వేళ్లే.

మా ఇంట్లో తరవాత ఏం జరిగిందంటారా. బావగారు ఫిర్యాదు ఇచ్చారు. ఆ నంబరు ఎవరిదో ఇంకా తేలలేదు. సంబంధం వాళ్లకి ఆయనే ఫోన్ చేసి జరిగింది చెప్పారు. ఆలోచించి చెప్తామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. పిల్ల మాత్రం, "ఆలోచించాల్సింది వాళ్లా నేనా?" అంది. బావగారు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు తనే పట్టుకెళ్లి పిల్ల గదిలో ఇచ్చారు. ఆయన నోటితో క్షమించమని అడిగే మనిషి కాదు. పిల్ల ఆ కాఫీ తాగిందో లేదో నేను అడగలేదు.

నేను చేసింది ఒకటే పని. బావగారి ఫోనులో ఒక్కటీ ఉంచి, గ్రూపులో ఉన్న మిగతా అందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆ ఫోటో తీసెయ్యమని చెప్పాను. గ్రూపులోంచి వేరే, గ్యాలరీలోంచి వేరే. 'చూసి వదిలేశాంలే' అన్నారు కొందరు. వదిలెయ్యడం కాదు, ఇప్పుడే తియ్యండి, నేను లైన్లో ఉంటా అన్నాను. డల్లాస్ అన్నయ్యకి చిరాకు వేసింది, వెయ్యనివ్వండి. చివరికి ఒంగోలులో మా పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. "నాకు తీసెయ్యడం రాదే, నువ్వొచ్చి తీసి పో" అంది. బస్సెక్కి వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని ఫోను నా చేతికిచ్చింది. తీసేస్తుంటే పక్కనుంచి తొంగి చూసి, "మీ అమ్మ బుట్టలు దీనికి భలే నప్పాయే. పెళ్లిలో కూడా అనుకున్నా. ఆ ముత్యం వేయించమని మీ అక్కకి చెప్పు" అంది.

"అవి పెళ్లిలోవని నీకు చూడగానే తెలిసిందా పెద్దమ్మా?"

"తెలియకేం? ఆ బుట్టలు చేయించింది మా నాన్న."

"మరి గ్రూపులో ఒక్క మాట చెప్పలేదేం?"

"నన్నెవరడిగారే?" అంది.